నల్లపొర రాయి

ఊరందరికీ శకునం చెప్పిన బల్లి కుడితిలో పడ్డట్టయింది నా పని. ల్యాబ్‌లో జూనియర్లకు శుభ్రత గురించి పాఠాలు చెప్పేది నేనే. రాతిని చేత్తో ముట్టుకోవద్దు, ప్లాస్టిక్‌లో పెట్టొద్దు అని వాళ్ల ప్రాణం తీసేదాన్ని.

మాచర్ల దగ్గర మా నాన్న సుందరరావు పనిచేసే నాపరాయి క్వారీ అడుగున ఒక నల్లటి పొర ఉండేది. కోట్ల ఏళ్ల కిందట అక్కడ సముద్రం. అందులో బతికి చచ్చిన సూక్ష్మజీవుల కొవ్వు ఆనవాళ్లు, అంటే బయోమార్కర్లు, ఆ రాతిలో మిగిలాయా అన్నదే నా పీహెచ్‌డీ. జ్వరమొచ్చి నేను రాలేకపోతే, నాన్నకు జాగ్రత్తలన్నీ ఫోన్లో చెప్పి ముక్క తెప్పించుకున్నాను. ఆయన ఫాయిల్‌లో చుట్టి పంపాడు.

ఆనవాళ్లు దొరికాయి. నా గైడ్ నీలిమ మేడమ్ నన్ను కావలించుకున్నారు. నాన్న చర్చిలో సాక్ష్యం చెప్పి మిఠాయి పంచాడు. సైన్స్ జర్నల్‌కు పేపర్ పంపాం. రెండు నెలలకు రివ్యూ చేసినవాళ్ల జవాబొచ్చింది. ఇవి పాతకాలపు జీవులవి కావు, ఇంజన్ ఆయిల్‌వి అని. అదే పొరలోంచి ఇంకో ముక్కతో రుజువు చేయకపోతే నా మూడేళ్ల చాకిరీ చెత్తబుట్టకే.

పరుగున మాచర్ల వచ్చాను. ఆ పొరను అప్పటికే పేల్చేసి సున్నపు బట్టీలకు తోలేశారు. ఇంటికెళ్లి, ఆ రాతికి ఏం చేశావని నాన్నను నిలదీశాను.

"ఏముందమ్మా, వాడేసిన ఇంజన్ ఆయిలు గుడ్డతో పట్టించా. నువ్వు చెప్పినట్టే చెయ్యి తగలనీలా. బేరానికొచ్చినోళ్లకు చూపించే బండకే రాస్తాం గదా, అంత చదువుకున్నోళ్ల ముందు మన రాయి మొహం మాసి ఉంటే నీకు నామోషీ కాదూ?"

ల్యాబ్‌లో రాయి పైభాగం కోసేసినా, పగుళ్లలోంచి ఆ నూనె అప్పటికే లోపలిదాకా దిగింది. క్వారీలో బండలకు ఆయిలు రాయడం చిన్నప్పటి నుంచీ చూస్తున్నదే. ఆ మరకలు నా స్కూలు గౌనుకూ అంటేవి. అన్నీ చెప్పిన మహాతల్లికి అదొక్కటి చెప్పాలని తోచలేదు. ఇంక ఆయన్నేమని తిట్టను?

నా మొహం చూసి నాన్న లేచాడు. ఆ పొరది ఇంకో ముక్క దాచి ఉంచానన్నాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. బీరువాలో బైబిలు పక్క నుంచి చిన్న మూట తీసి నా ఒళ్లో పెట్టాడు.

విప్పాను. రాయి నిగనిగలాడుతోంది.

"ప్రతి ఆదివారం ఆయిలు గుడ్డతో తుడిచి పెడతానే ఉన్నానమ్మా," అన్నాడు నాన్న.