హాఫ్ టైమ్‌లో అడ్డుకంచె

"డబ్బాలో ఏముంది మేడమ్?" అన్నాడు మైదానం గేటు దగ్గర కాపలా ఉన్న పసుప్పచ్చ కోటువాడు.

"అల్లం కేకు," అంది బెరిల్.

"రేకు డబ్బాలు లోపలికి పోనివ్వం. విసిరే ప్రమాదం ఉంది."

బెరిల్‌కి డెబ్భై మూడేళ్ళు. కుడి చెయ్యి భుజం దాటి పైకి లేవక రెండేళ్ళయింది. పొద్దున్నే జుట్టు దువ్వుకోడానికే నానా అవస్థా పడే మనిషి, కేకు డబ్బా ఎత్తి ఎవరి నెత్తిన వేస్తుందట? ఆ మాటే అడిగింది. వాడు నవ్వనైనా నవ్వలేదు. ఈ ఏడు కొత్తగా వచ్చిన రూలు మేడమ్, అన్నాడు.

"నన్ను మేడమ్ మేడమ్ అనకు. నీకేమన్నా పాఠాలు చెప్పానా?"

"ఇచ్చెయ్యి బెరిల్, వెనక జనం ఆగిపోయారు," అన్నాడు కాలిన్. కాలిన్ పక్కింటాయన. క్రిస్మస్ మర్నాడు బస్సులు తిరగవు గనక ఏటా తన కార్లో ఆమెని గ్రిమ్‌షా నుంచి ఆల్డర్‌బీకి తీసుకొస్తాడు. వచ్చే దారంతా ఆమె తిట్లు వింటాడు, పోయే దారంతా ఆమె తిట్లు వింటాడు. "నీ కేకు వాళ్ళ మీద విసిరితే వాళ్ళకే లాభం. ఏరుకుని తింటారు."

కేకు తీసి తలగుడ్డలో మూటకట్టుకుని, డబ్బా వాడి చేతిలో పెట్టింది. అమ్మ వాడిన డబ్బా అది. మూత మీద గుర్రబ్బండి బొమ్మ సగం చెరిగిపోయింది. వాడు దాన్ని తీసుకెళ్ళి గొడుగులూ సీసాలూ పడేసిన అట్టపెట్టెలో పడేశాడు. టంగుమని చప్పుడైంది. బెరిల్‌కి ఒళ్ళు మండిపోయింది.

ఆ డబ్బా ఎవరికోసమో చెప్పాలి. తమ్ముడు స్టాన్ కోసం. అక్కాతమ్ముళ్ళిద్దరూ నాన్న భుజాల మీద ఎక్కి గ్రిమ్‌షా టౌన్ ఫుట్‌బాల్ జట్టు ఆటలు చూసి పెరిగినవాళ్ళే. స్టాన్‌కి ఆల్డర్‌బీ మిల్లులో పని దొరికింది, ఆ ఊరి పిల్ల జాయిస్‌నే పెళ్ళి చేసుకున్నాడు. అంతవరకూ బాగానే ఉంది. ఆ తర్వాత ఏడాది మెడలో ఎర్ర మఫ్లర్ తీసేసి ఆల్డర్‌బీ వాళ్ళ నీలం మఫ్లర్ చుట్టుకున్నాడు. ఆదివారం భోజనానికి ఆ మఫ్లర్‌తోనే వచ్చాడు. నాన్న తలుపు దగ్గర నిలబడి, ఆ నీలం గుడ్డతో ఈ గడప తొక్కకు, అన్నాడు. తియ్యను, అన్నాడు స్టాన్. అంతే సంగతులు. మఫ్లర్ కోసం ఎవరన్నా తండ్రీకొడుకులు విడిపోతారా అంటే ఆ ఊళ్ళ సంగతి మీకు తెలియదన్నమాట. నాన్న పోయాడు. పంతం మాత్రం పోలేదు. వాడొచ్చి అడగాలని అక్క, అక్కే వచ్చి పిలవాలని తమ్ముడు, ఎనిమిది మైళ్ళ దూరంలో ముప్పయ్యేళ్ళు కూర్చున్నారు. ఈమె వాడి గడప తొక్కలేదు, వాడు ఈమె గడప తొక్కలేదు.

అయినా ఏడాదికి రెండుసార్లు కలిసేవాళ్ళు. ఎలాగంటే, ఆ చిన్న మైదానాల్లో ఎవరి చోటు వారికని ఉండదు. తమ జట్టు ఏ గోలు వైపు ఆడుతుంటే ఆ గోలు వెనక నిలబడతారు. హాఫ్ టైమ్ తర్వాత జట్లు వైపులు మార్చుకుంటాయి గనక జనమూ మారతారు. ఆ చివర వాళ్ళు ఈ చివరకి, ఈ చివర వాళ్ళు ఆ చివరకి నడుచుకుంటూ పోతారు. టీ కొట్టు పక్కన ఇరుకు దారిలో రెండు గుంపులూ ఎదురెదురు పడతాయి. "మీ గోలీ ఇంకా నిద్ర లేవలేదా?" అని ఒకరు, "మీవాళ్ళు లేచి చేసిందేముంది?" అని ఒకరు, మాటలు విసురుకుంటూ దాటిపోతారు. ఆ గుంపులో స్టాన్ ఆగేవాడు. బెరిల్ ఆగేది. కేకు డబ్బా చేతులు మారేది. బాగున్నావా, మోకాలెలా ఉంది, జాయిస్ ఎలా ఉంది. అది ఇంటికి వెళ్ళడం కాదు గదా, దారిలో ఎదురుపడటమే గదా. పంతం పంతంలాగే ఉండేది, తమ్ముడు తమ్ముడిలాగే ఉండేవాడు. ఖాళీ డబ్బా తర్వాతి ఆటలో వెనక్కి వచ్చేది.

మొన్న ఆగస్టులో గ్రిమ్‌షాలో ఆట జరిగినప్పుడు స్టాన్ రాలేదు. ఖాళీ డబ్బా ఎవరో ముసలాయన తెచ్చి ఇచ్చాడు. గుండె ఆపరేషన్ అయింది, చిక్కిపోయాడు, క్రిస్మస్ ఆటకి మాత్రం వస్తానన్నాడు, అని చెప్పి చక్కా పోయాడు. బెరిల్ ఎన్నోసార్లు ఫోను చేతిలోకి తీసుకుంది, మళ్ళీ పెట్టేసింది. క్రిస్మస్ మర్నాడు చూస్తాను గదా అనుకుంటూ నాలుగు నెలలు నెట్టుకొచ్చింది. ఇవాళ చూడకపోతే మళ్ళీ చూస్తుందో లేదో ఎవరు చెప్పగలరు?

లోపలికి వచ్చి చూస్తే ఏముంది, మైదానం నడిమధ్య గీతకి రెండు కొసల దగ్గరా, జనం నడిచే దారికి అడ్డంగా నిలువెత్తు ఇనపకంచె. టీ కొట్టు అటుపక్కకి పోయింది. ఇటుపక్క "అతిథి అభిమానుల విభాగం" అని బోర్డు.

"ఇదేంటి?" అంది బెరిల్.

"కొత్త యజమాని," అన్నాడు కాలిన్. "ఎక్కడో దేశానికి దక్షిణపు కొసవాడట. క్లబ్బు కొన్నాడు. ఇక పెద్ద క్లబ్బుల పద్ధతిలో నడుపుతాడట. మనం ఇటే ఉండాలి, వాళ్ళు అటే ఉండాలి. కొట్టుకోకుండా."

"ఎవరు కొట్టుకున్నారు?"

"ఎవరూ కొట్టుకోలేదు. కొట్టుకుంటే అని."

మూడొందలమంది కూడా రాని ఆటకి జైలు కంచె. అందులో సగంమంది చేతికర్రల వాళ్ళు, పావువంతు కుక్కల్ని వెంట తెచ్చుకున్నవాళ్ళు. బెరిల్ మొదటి సగం ఆట చూసిందే లేదు. కళ్ళజోడు తుడుచుకోవడం, అటు చివర గోలు వెనక నీలం గుంపు కేసి చూడటం.

"కాలిన్, వాడు కనిపిస్తున్నాడా?"

"అక్కడ నలభై టోపీలున్నాయి. ఏ టోపీ మీవాడిది?"

"వాడు టోపీ పెట్టడు."

"గుండె కోయించుకున్నవాడు ఈ చలిలో టోపీ పెట్టకుండా ఎలా వస్తాడు?"

ఆమె కళ్ళజోడు మళ్ళీ తుడుచుకుంది. అదీ నిజమే అనుకుంది.

హాఫ్ టైమ్ విజిల్ మోగగానే అలవాటున రెండు గుంపులూ కదిలాయి. వచ్చి వచ్చి కంచె దగ్గర ఆగిపోయాయి. ఇటు ఎరుపు, అటు నీలం, మధ్యలో నలుగురు పసుప్పచ్చ కోట్లవాళ్ళు. అవతలివాళ్ళకీ కోపంగానే ఉంది. ఎవరి గోలు వెనక నిలబడమంటారు రెండో సగం, మా గోలీ వీపు చూడమంటారా, అని నీలం మఫ్లర్లూ అరుస్తున్నాయి. లావుపాటి ఆడమనిషి ఒకావిడ ఒక కోటువాణ్ణి వేలెత్తి ఝాడిస్తోంది.

"ఒరేయ్ క్రెయిగ్, మీ తాత నిన్ను భుజాన వేసుకుని ఇదే దారిలో అటూ ఇటూ తిప్పాడు. ఇప్పుడు ఆ దారికే కాపలా కాస్తున్నావు. సిగ్గనిపించడం లేదూ?"

"నేనేం చెయ్యను ఆంటీ, పైనుంచి చూస్తున్నారు," అన్నాడు క్రెయిగ్. వాడి చెవులు ఎర్రబడ్డాయి గానీ కంచె మాత్రం కదపలేదు.

అప్పుడు కనిపించాడు స్టాన్. టీ కొట్టు పక్కన, ఎప్పుడూ నిలబడే చోటే నిలబడ్డాడు. టోపీ పెట్టుకున్నాడు. చేతికర్ర. కోటు భుజాల మీంచి జారిపోతున్నట్టుంది, లోపల మనిషి అంత తగ్గిపోయాడు. ఇద్దరి మధ్యా పది అడుగులు, కంచె, క్రెయిగ్.

"స్టాన్!"

వాడు ఏదో అన్నాడు. ఏమన్నాడో వినపడలేదు. సరిగ్గా అప్పుడే మైకులో పాట ఎత్తుకున్నారు. అదీ కొత్త యజమాని పుణ్యమే. చెవులు చిల్లులు పడుతున్నాయి. స్టాన్ కర్ర ఎత్తి ఎటో చూపించాడు. బెరిల్ చెవి దగ్గర చెయ్యి పెట్టి, ఏంటీ, అంది. వాడు విసుగ్గా తల ఊపి వెనక్కి తిరిగి నడిచి వెళ్ళిపోయాడు.

"ఆయన్ని పిలువు," అంది క్రెయిగ్‌తో. "నా తమ్ముడు. కేకు ఒక్కటీ ఇచ్చి వచ్చేస్తాను."

"కుదరదమ్మా. నాకిస్తే నేను అందిస్తాను."

"నీకెందుకిస్తాను? నువ్వు నాకు తమ్ముడివా? నాలుగు నెలలు ఆగి వచ్చానిక్కడికి. వాడి మొహం చూడ్డానికి వచ్చాను. కేకు పంచడానికి రాలేదు." తనది కోపమేనని క్రెయిగ్‌కి తెలియాలని ఇంకాస్త గట్టిగా అంది. "మనుషులు దాటే దారిలో కంచె వేసినవాడికి ఆట అంటే ఏం తెలుసయ్యా? చెప్పు వాడికి, బెరిల్ అన్నదని చెప్పు."

తిరిగి గేటు దగ్గరికి నడిచింది. కాలిన్ వెనకాల పరిగెత్తుకొచ్చాడు.

"బయటికి పోతే మళ్ళీ లోపలికి రానివ్వరట బెరిల్. రెండో సగం పోతుంది."

"పోనీ. వాడు ఇంటికి పోతున్నాడు. ఈ కంచె చుట్టూ తిరిగైనా వాణ్ణి పట్టుకుంటాను. ఆట నువ్వు చూసి చెప్పు."

గేటు దగ్గర వాడు నోరు తెరిచేలోపే, "నా డబ్బా," అని చెయ్యి చాపింది. అట్టపెట్టెలోంచి తీసి ఇచ్చాడు. మూతకి కొత్తగా సొట్ట పడింది. దానికి విడిగా తిట్టాలి గానీ టైము లేదు. కేకు మళ్ళీ డబ్బాలో పెట్టుకుని మైదానం గోడ చుట్టూ ఉన్న సందులోకి తిరిగింది. ఒక పక్క గోడ, ఒక పక్క వరసగా ఇళ్ళు. నేల మీద మంచు ఇంకా కరగలేదు. గోడ పట్టుకుని నడిచింది.

సందు మలుపు దగ్గర ఎదురుగా స్టాన్ వస్తున్నాడు. కర్ర మీద ఆని, ఆగి ఊపిరి పీల్చుకుని, మళ్ళీ నడుస్తూ.

"గేటు చూపించాను గదా," అన్నాడు. "బయటికి రమ్మని. ఇంకా ముందే వస్తావనుకున్నాను."

"వినపడి ఏడ్చిందా? ఆ మైకొకటి పెట్టి చచ్చాడు." బెరిల్‌కి వాడి మొహం చూడగానే ఏడుపొచ్చింది. ఏడవడం ఇష్టంలేక తిట్లు అందుకుంది. "ఎవడ్రా వాడు, మన మధ్య కంచె వెయ్యడానికి? ఎక్కడినుంచో వచ్చినవాడికి నా తమ్ముణ్ణి నేను చూడకూడదని చెప్పే హక్కు ఎవరిచ్చారు? నా డబ్బా సొట్టపోయింది చూడు. పేపరువాళ్ళకి రాస్తాను. ఊరుకోను."

స్టాన్ గోడకి ఆనుకున్నాడు. నవ్వుతున్నాడో ఆయాసపడుతున్నాడో తెలియలేదు.

"వాడు నిన్నగాక మొన్న వచ్చినవాడు బెరిల్. వాణ్ణంటే ఏం లాభం? నాన్న కట్టిన కంచెకి నువ్వూ నేనూ ముప్పయ్యేళ్ళు కాపలా కాశాం. మనకి పసుప్పచ్చ కోట్లు లేవు, అంతే తేడా."

"నువ్వు రావచ్చుగా."

"నువ్వు రమ్మన్నావా?"

"ఆపరేషన్ అయితే కబురు పంపొచ్చుగా."

"పంపితే వచ్చేదానివా?"

"వచ్చేదాన్ని," అంది బెరిల్. ఎత్తి పెట్టేసిన ఫోను గుర్తొచ్చింది. ఇవాళంతా అరిచిన గొంతు ఆ ఒక్క మాట దగ్గర చిన్నదైపోయింది. ఇన్నాళ్ళూ ఎవరి మీద కోపమో ఆమెకి ఇప్పుడు సరిగా తెలియలేదు. కొత్త యజమాని మీదైతే ఎంత సుఖంగా ఉండేది.

గోడ అవతల జనం ఒక్కసారిగా అరిచారు. ఎవరో గోలు కొట్టారు.

"మావాళ్ళే," అన్నారు ఇద్దరూ ఒక్కసారే. ఎవరూ కనుక్కోలేదు.

"చలిలో నిలబడకు," అంది బెరిల్. "ఎంత దూరం మీ ఇల్లు?"

స్టాన్ కర్రతో చూపించాడు. గోడకి ఎదురుగా నాలుగో ఇల్లు. మొండి చిమ్నీ ఉన్న ఇల్లు. ప్రతి ఏడూ రెండో సగంలో గోలు వెనక నిలబడి ఆమె ఆ చిమ్నీ పొగ చూసింది. ఎవరిదని ఒక్కసారైనా అడగలేదు.

తలుపు తెరిచే ఉంది. లోపల జాయిస్ టీకి నీళ్ళు పెట్టిన చప్పుడు. స్టాన్ ముందు లోపలికి వెళ్ళి పక్కకి జరిగి నిలబడ్డాడు. బెరిల్ గడప ముందు ఆగిపోయింది. డబ్బా చంకలో పెట్టుకుని, లేవని కుడి చెయ్యితో అవస్థపడుతూ, మెడలో ఎర్ర మఫ్లర్ ముడి విప్పబోయింది.

"ఉంచుకో," అన్నాడు స్టాన్. "లోపల కూడా చలిగానే ఉంది."