గీత లోపలే

మా ఆయన తన అక్కను నలుగురిలో తల దించుకునేలా చేసిన రోజు నేను ఆ గదిలోనే ఉన్నాను. లేకపోయి ఉంటే బాగుండేదని ఎన్నిసార్లు అనుకున్నానో. ఎవరో వచ్చి చెబితే విని, ఆయన మీద నాలుగు కేకలేసి ఊరుకునేదాన్నేమో. కళ్ళారా చూశాను కాబట్టి ఆ దృశ్యం నన్ను వదలడం లేదు.

మేం ముగ్గురం ఒకే ఫ్యాక్టరీలో పనిచేస్తాం. సైకిలు చక్రాలకు ఇరుసులు చేసే ఫ్యాక్టరీ. నేను ప్యాకింగ్‌లో. మా ఆయన ప్లానింగ్ ఇంజనీరు. ఏ రోజు ఏ మెషిను మీద ఎన్ని ఇరుసులు దిగాలో ఆయనే రాసి గోడకు అంటిస్తారు. ఈమధ్య క్వాలిటీ కూడా తెచ్చి ఆయన నెత్తినే పెట్టారు. మా వదిన, అంటే ఆయన అక్క, కొలతల బల్ల దగ్గర కూర్చుంటుంది. గ్రైండింగ్ మెషిను నుంచి వచ్చిన ఇరుసుల్లో కొన్నిటిని తీసి, మైక్రోమీటరులో బిగించి, లావెంతో చూసి రాస్తుంది. లావు ఇంతకు మించకూడదని పెట్టిన గీత లోపల ఉంటే నా దగ్గరికి పంపుతుంది, దాటితే పనికిరానివాటి ఎర్రడబ్బాలో వేస్తుంది. ఫ్యాక్టరీ అంతా ఆవిడను కొలతక్క అని పిలుస్తారు.

ఇంట్లోనూ ఆవిడది కొలతే. ఆవిడ మా ఇంట్లో ఉంటుందని చుట్టాలనుకుంటారు గానీ, నిజానికి ఆవిడ ఇంట్లో మేముంటాం. నేను బాల్కనీలో దుప్పటి ఆరేస్తే చాలు, వెనకనుంచి వినపడేది: "అమ్మాయ్, ఆ కొస కిందికి దిగింది చూడు." కొత్తలో నాకు ఒళ్ళు మండేది. తరువాత తరువాత, ఆవిడ ఆ మాట అని తీగ దగ్గరికి వచ్చి కొస సర్దితే గానీ గుడ్డలు ఆరేసినట్టే ఉండేది కాదు.

ఇలా ఉండగా, కొన్నవాళ్ళు పెట్టెలకు పెట్టెలు తిప్పి పంపారు. ఇరుసు చక్రంలో దూరడం లేదట, సుత్తితో కొట్టాల్సి వస్తోందట. మా మేనేజరు ఏ మాటైనా "ఔను గానీ" అనే మొదలుపెడతాడు, అందుకని మేం ఆయనను ఔనుగానీగారు అనే అంటాం, చాటున. ఆయన మా ఆయనను పిలిచి, "ఔను గానీ ఇంజనీరుగారూ, మన కాగితాల్లో ఒక్క ఇరుసూ గీత దాటలేదే, మరి ఇవెక్కడివి?" అన్నాడు.

మా ఆయన వదిన రాసిన కొలతలన్నీ తీసుకుని, ఒక్కో కొలతకు ఒక్కో చుక్క పెట్టి గ్రాఫు గీశారు. గీసి సంచిలో పెట్టుకుని ఇంటికి వచ్చారు. ఆ సంచిని కుర్చీకి తగిలించి, అక్క ఎదురుగా కూర్చుని భోజనం చేశారు. "ఏరా, ముఖం అలా ఉందేం?" అని ఆవిడ అడిగింది కూడా. "ఏం లేదక్కా, తలనొప్పి" అన్నారు. ఆవిడ లేచి వెళ్ళి మాత్ర తెచ్చి ఇచ్చింది. మాత్ర మింగి పడుకున్నారు మహానుభావుడు.

మర్నాడు అందరినీ పిలిచి ఆ గ్రాఫు గోడకు అంటించారు. కొలతలన్నీ ఒకచోట కుప్ప పోస్తే మధ్యలో ఎత్తుగా ఉండి, రెండు పక్కలకూ పల్చగా జారిపోవాలట. మెషిను చేసిన ఏ పనైనా అలాగే ఉంటుందట. మా కుప్ప ఎడమపక్క బాగానే జారింది. కుడిపక్క, లావు ఎక్కువయ్యే వైపు, గీత దాకా ఎత్తుగా వచ్చి అక్కడ గోడ కట్టినట్టు ఆగిపోయింది. గీత అవతల ఒక్క చుక్క లేదు.

"మెషినుకు గీత ఎక్కడుందో తెలియదు, మనిషికే తెలుసు" అన్నారు మా ఆయన. "దాటినవాటిని ఎవరో లోపలికి తోస్తున్నారు."

ఎలా తోస్తారో అక్కడ అందరికీ తెలుసు. మైక్రోమీటరు చివర చిన్న పిడి ఉంటుంది. దాన్ని పట్టుకుని తిప్పితే టిక్కుటిక్కుమని, ఎంత బిగించాలో అంత దగ్గరే ఆగుతుంది, ఎవరు తిప్పినా ఒకటే. ఆ పిడి వదిలేసి, లావుగా ఉండే గొట్టాన్నే పట్టుకుని బొటనవేలితో ఒక్క నొక్కు నొక్కితే, వెంట్రుకంత కొలత తగ్గుతుంది.

ఆయన ఎవరి పేరూ చెప్పలేదు. ఆ బల్ల దగ్గర కూర్చునేది ఒక్కరే అయినప్పుడు పేరెందుకు? గదిలో తలలన్నీ ఒకవైపుకే తిరిగాయి. వదిన లేచి నిలబడింది. "నా చెయ్యే అది. వేరే ఎవరినీ అనుమానించకండి" అంది. ఎందుకు చేశావని అడిగినవాళ్ళు లేరు.

మరుసటి రోజునుంచి ఆవిడను నా పక్కన ప్యాకింగ్‌లో వేశారు. అట్టపెట్టెలు మడవడం, టేపు వేయడం. కొత్తగా చేరిన ఒకావిడ కొలతల బల్ల దగ్గరికి వచ్చింది. అంతకాలం ఆ బల్లకు ఏలికగా ఉన్న మనిషి నా పక్కన తల వంచుకుని పెట్టెలు మడుస్తుంటే, నాకు ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలిసేది కాదు.

ఇంట్లో ఆయనను నిలదీశాను. "సంచి ఇంట్లోనే ఉంది, అక్కా ఇంట్లోనే ఉంది. ఒక్క మాట అడగడానికి నోరు పడిపోయిందా?"

"నేను పేరు చెప్పలేదుగా."

"ఆ ముక్క మీ అక్కతో చెప్పండి."

"లెక్కకు అక్కాతమ్ముడూ ఉండరు" అన్నారు. తప్పు మాటేం కాదు. చెడ్డ ఇరుసు చెడ్డదే. కానీ ఆ మాట అన్న గొంతు మాత్రం ఆయనది కాదు, ఔనుగానీగారిది.

వదిన ఇంట్లో ఏమీ జరగనట్టే ఉండేది. తమ్ముడికి మంచినీళ్ళు అందించేది, నాతో నవ్వేది. ఒక్కటే మారింది. నేను దుప్పటి ఎలా ఆరేసినా ఏమీ అనేది కాదు. మా గుడ్డలు వంకరగానే ఆరాయి.

కొన్నాళ్ళకు, కొలతల బల్ల దగ్గరి కొత్తావిడకు నేర్పడానికి, మంచి కుప్ప ఎలా ఉంటుందో చూపిద్దామని ఆయన పాత కొలతలు బయటికి తీశారు. అవీ వదిన రాసినవే. ఒక్కోటీ గీసి చూస్తే అన్నీ చక్కని కుప్పలు, రెండు పక్కలా పల్చగా జారి, గీత అవతల కూడా అక్కడక్కడ చుక్కలతో. ఎర్రడబ్బాలో వేయాల్సినవి ఆవిడ ఏళ్ళ తరబడి ఎర్రడబ్బాలోనే వేసింది. గోడ కట్టినట్టు ఆగిన కుప్పలు మొదలైంది ఎప్పుడో చూశారు. ఆయన ప్లానింగ్‌లోకి వచ్చిన నెల.

ఆ సాయంత్రం ఇంటికి వచ్చి లోపలికి రాకుండా మెట్ల మీదే కూర్చున్నారు. నేను వెళ్ళి అడిగితే చెప్పారు. గ్రైండింగ్ రాయి తిరిగేకొద్దీ అరుగుతుంది. అరిగేకొద్దీ ఇరుసు లావవుతుంది. అందుకని ఇదివరకు మధ్యాహ్నం అరగంట మెషిను ఆపి రాయిని సరిచేసేవాళ్ళు. ఈయన ప్లానింగ్‌లోకి రాగానే, దండగ అని ఆ అరగంట కొట్టేశారు. ప్లాను అద్దంలా ఉందని ఔనుగానీగారు భుజం తట్టాడు. రోజూ సాయంత్రానికి ఇరుసులు లావెక్కేవి. అవన్నీ ఎర్రడబ్బాలో పడితే ఆ నెల లెక్క తేలేది కాదు, ఈయన మొదటి ప్లానే బోర్లాపడేది.

"నా ప్లాను నిలబెట్టడానికి అక్క తోసింది" అన్నారు. "నేను దాన్ని గోడకు అంటించాను."

తిట్టడానికి నా దగ్గర చాలా మాటలు సిద్ధంగా ఉన్నాయి. ఆ ముఖం చూశాక వాటిని పక్కన పెట్టి, నేనూ ఆ మెట్టు మీదే కూర్చున్నాను.

ఆయన రాయికి అరగంట మళ్ళీ ఇచ్చారు. అక్కను తిరిగి బల్ల దగ్గర కూర్చోబెట్టాలని మేనేజరు చుట్టూ తిరిగారు. "ఔను గానీ, పరీక్ష పెట్టండి. నెగ్గితే నాకేం అభ్యంతరం" అన్నాడాయన. లావు ముందే తెలిసిన ఇరుసులను కలిపి ఇచ్చి కొలిపిస్తారు. చెయ్యి నికార్సుగా ఉందో లేదో తేలిపోతుంది.

పరీక్షకు ముందు సెలవు రోజున ఆయన మైక్రోమీటరు, కొన్ని ఇరుసులు ఇంటికి తెచ్చి భోజనాల బల్ల మీద పరిచారు. "ఊరికే చెయ్యి ఆడించినట్టుంటుంది, కొలువక్కా" అన్నారు. మైక్రోమీటరు చేతిలోకి రాగానే వదిన ముఖం వికసించింది. మెత్తటి గుడ్డతో దాని దవడలు తుడిచింది, మూసి సున్నా చూసుకుంది. మొదటి ఇరుసు, టిక్కుటిక్కు. రెండోది, టిక్కుటిక్కు. ఆయన అసలు లావులు రాసుకున్న చీటీలో చూసుకుని తల ఊపుతున్నారు. హమ్మయ్య అనుకున్నాను.

తరువాతది గీత దాటినది. వెంట్రుకంతే. పిడి టిక్కుమంది. ఆవిడ కొలత చూసింది. వేళ్ళు పిడి వదిలి గొట్టం మీదికి జారాయి, బొటనవేలు ఒక్క నొక్కు నొక్కింది.

"లోపలే" అంది.

మా ఆయన చీటీ చూశారు, నన్ను చూశారు. "లోపలేనక్కా" అన్నారు.

అంకె తప్పు చెప్పడం చేతకాని మనిషి. నేను నోరు వెళ్ళబెట్టాను. వదిన ఆయన వైపు చూసి, తన బొటనవేలి వైపు చూసుకుంది. మళ్ళీ ఇరుసు బిగించి, ఈసారి పిడితోనే తిప్పింది.

"దాటింది. నీకు చిన్నప్పుడూ అబద్ధం ఆడటం రాలేదురా. ఇప్పుడు నువ్వూ నేనూ కలిసి తోసేస్తే, ఆ సైకిలు కొన్నవాడు ఏమైపోవాలి?"

"నాలుగు రోజులు కూర్చుంటే పాత చెయ్యి వచ్చేస్తుందక్కా."

"తెలిసి నొక్కిన రోజుల్లో అయితే ఆపుకునేదాన్ని. ఇప్పుడు నొక్కానని నాకే తెలియలేదు." మైక్రోమీటరును తుడిచి, దాని పెట్టెలో పెట్టి మూత వేసింది. "ఎందుకక్కా అని ఇంట్లో ఒక్కసారి అడిగుంటే చెప్పేదాన్ని కదరా. రాయికి ఆ అరగంట ఇవ్వమని చెబుదామని రోజూ అనుకునేదాన్ని. నువ్వు ఆ ప్లాను చూసుకుని మురిసిపోతుంటే నోరు రాలేదు."

"అడగాల్సింది" అన్నారాయన. చేతిలో చీటీని మడుస్తూ కూర్చున్నారు.

వదిన పరీక్షకు వెళ్ళలేదు. మరుసటి పొద్దున మామూలుగా నా పక్కన నిలబడి పెట్టెలు మడిచింది. ఇప్పుడు కుప్పలు అందంగా జారుతున్నాయి, కొన్నవాళ్ళు ఏమీ తిప్పి పంపడం లేదు. అయినా కొత్త గ్రాఫు గోడకు అంటించిన ప్రతిసారీ, ఆ రోజు మా ఆయనకు ఆకలి వేయదు.

మొన్న ఉండబట్టలేక కావాలనే దుప్పటి బాగా వంకరగా ఆరేశాను. ఒక కొస నేలకు తగులుతోంది. వదిన బాల్కనీలోకి వచ్చింది. చెయ్యి దుప్పటి వైపు వెళ్ళింది. మధ్యలోనే ఆగిపోయింది.

"వదినా, సరిగ్గా ఉందా?" అని అడిగాను.

"బాగానే ఉందమ్మాయ్" అని లోపలికి వెళ్ళిపోయింది.