జేపీ బల్ల ముందు వరస

సన్నీబ్యాంక్ బస్టాపులో పోలీసులు జైడెన్‌ను నేలకేసి అదిమినప్పుడు తన్మయి రెండడుగుల దూరంలో ఉంది. క్లాసులో ఆమె పక్క సీటు అతనిది. అబొరిజినల్ కుర్రాడు, ఆ దేశపు మూలవాసి. చేతులు పైకెత్తే ఉన్నాడు. కేసు కాగితంలో మాత్రం పోలీసును కొట్టాడని రాశారు. పద్దెనిమిది నిండిన నెలకే జైలు. చూసినవాళ్లు ప్రమాణపత్రాలిస్తే బెయిలు అడుగుతానంది అతని లాయరు.

తన్మయి, ఆ రోజు బస్టాపులో ఆమెతో ఉన్న స్నేహితులు శ్రావ్య, కిట్టు చూసింది చూసినట్టు రాశారు. సాక్షి సంతకం పెట్టి స్టాంపు వేయడానికి జేపీ కావాలి, అంటే సర్కారు నియమించిన జస్టిస్ ఆఫ్ ద పీస్. అక్కడి తెలుగువాళ్లకు జేపీ అంటే వాసుదేవరావే. శనివారాలు షాపింగ్ సెంటర్లో బల్ల వేసుకుని కూర్చుంటాడు. అందరి వీసా కాగితాలూ ఆయన చేతిమీదుగా వెళ్లినవే.

"ఇక్కడ పెట్టి వెళ్లండమ్మా, చదివి పిలుస్తా" అన్నాడు. పిల్లలు నమ్మి ఇచ్చేశారు.

ఆయన పిలిచింది వాళ్ల నాన్నలను. తన్మయి ఇంటికెళ్లేసరికి ఆమె కాగితం నాలుగు ముక్కలై ఉంది.

"మన సిటిజన్‌షిప్ పెండింగ్‌లో ఉంది. పోలీసులతో మనకెందుకే?" అన్నాడు నాన్న, ఆమె ముఖం చూడకుండా.

సోమవారమే వాయిదా. ముందటి శనివారం ముగ్గురూ మళ్లీ రాసుకుని వరసలో నిలబడ్డారు.

"యు ఆర్ లైక్ మై డాటర్, తన్మయీ. ఆ పిల్లాడు మనవాడు కాదు. మీ ఫ్యూచర్ కోసమే చెప్తున్నా" అన్నాడు వాసుదేవరావు.

"మా ఫ్యూచర్ మీరు చూడక్కర్లేదు అంకుల్. మేం సైన్ చేస్తుంటే చూడండి చాలు."

"ఇట్స్ లిటరల్లీ యువర్ జాబ్" అన్నాడు కిట్టు.

వరసలో వాళ్ల వెనక కనకదుర్గ ఉంది. వృద్ధాశ్రమంలో పనిచేస్తుంది. "ఏంటమ్మా గొడవ?" అంది. ఎప్పుడూ గొంతెత్తని తన్మయి జరిగిందంతా వరసంతా వినేలా తెలుగులో, ఇంగ్లీషులో చెప్పింది.

కనకదుర్గ ముందుకొచ్చింది. "మా అన్ననీ పోలీసులు ఇలాగే పట్టుకుపోయారు. చూసినోళ్లు ఊరంతా. చెప్పడానికి ఒక్కడు రాలేదు." బల్లమీద పెట్టబోయిన తన ఫైలు వెనక్కి తీసుకుంది. "ముందు వీళ్లది చెయ్యండి సార్. అప్పటిదాకా నాది అక్కర్లేదు."

ఆమె వెనకున్న చైనా తాత కూడా కాగితాలు మడిచాడు. తర్వాత ఇంకొకరు, ఇంకొకరు. వాసుదేవరావు స్టాంపు సంచిలో వేసుకుని ఎవరివైపూ చూడకుండా వెళ్లిపోయాడు. సోమవారంలోగా ఇంకో జేపీ దొరకలేదు.

సోమవారం కోర్టులో లాయరు ఆ కాగితాలనే ఇస్తే, ప్రమాణం లేనివన్నాడు పోలీసు వకీలు. మెజిస్ట్రేటు వాటిని పక్కన పెట్టాడు. బెయిలు రాలేదు.

"మేం చూశాం. ఇక్కడే ప్రమాణం చేయించండి" అంది తన్మయి, లేచి.

కూర్చోమన్నారు. శ్రావ్య లేచింది. కిట్టు లేచాడు. డ్యూటీ బట్టల్లో కనకదుర్గ లేచింది. చైనా తాత కర్ర ఊతంగా లేచాడు. పోలీసులు తిరిగి తీసుకెళ్తున్న జైడెన్ తలుపు దగ్గర వెనక్కి తిరిగి చూశాడు.

మళ్లీ కూర్చోమన్నారు. ఎవరూ కూర్చోలేదు.