అలుగు పొలుసులు

నీళ్ల సీసా, జ్వరం మాత్రలు, ఇంకో జత బట్టలు, దూది, ఇంటి నెంబరు రాసిన చీటీ. ఆదివారం కూతుర్ని మ్యూజియంలో బొమ్మలు గీసే క్లాసుకు తీసుకెళ్లాలంటే ఆమెకు సంచి సర్దడానికే గంట పట్టేది.

"రెండు వీధుల అవతలికా, చంద్రమండలానికా? నీ భయాలన్నీ పోగేస్తే అదే పెద్ద మ్యూజియం. టికెట్టు కూడా పెట్టొచ్చు," అన్నాడు భర్త, పేపర్లోంచి తలెత్తకుండా. అత్తగారు పగలబడి నవ్వింది. ఆమె కూడా నవ్వింది; నవ్వకపోతే మాట పెరుగుతుంది. ఈ ఇంట్లో ఎవరికి ఏం కావాలో అడక్కముందే అందించేది ఆ భయమేనని ఎవరితో చెప్పుకుంటుంది?

గడ్డి కూరి నిలబెట్టిన జంతువుల గదిలో పిల్లలంతా అద్దాల ముందు నేల మీద కూర్చుని సిరా పెన్నులతో గీస్తున్నారు. టీచరమ్మ పెన్సిలు ముట్టనివ్వదు. "పడ్డ గీత పడ్డట్టే. దాన్నే పట్టుకుని ముందుకెళ్లండి," అంటుంది. ఆ మాట విన్నప్పుడల్లా ఆమెకు ఒకటే బెంగ. చెరపడానికి వీల్లేకపోతే ఎలా?

కూతురు ఒళ్లంతా పొలుసులున్న అలుగు అనే జంతువు ముందు కూర్చుని నాలుగు పొలుసులు వేసి విసిగిపోయింది. "ఎన్నున్నాయమ్మా దీనికి! ఇది పట్టుకో, ఎలుగుబంటిని చూసొస్తా."

"పరిగెత్తకు! అద్దం పగిలితే..."

పిల్ల అప్పటికే మలుపు తిరిగింది. ఆమె కాగితం బిగించిన అట్టనూ పెన్నునూ ఒళ్లో పెట్టుకుని అద్దం కింది చీటీ చదివింది. భయమేస్తే ఇది ఉండలా చుట్టుకుంటుందట. పిల్లను లోపల దాచుకుంటుందట. వంగి చూసింది. నిజమే, తల్లి చుట్టలోంచి గోరంత ముక్కు బయటికి కనబడుతోంది.

పొలుసు మీద పొలుసు. ఏ ఒక్కటీ పక్కదానిలా లేదు, ఏ ఒక్కటీ వరస తప్పలేదు. ఒక్కోదాని మీద దువ్వెనతో దువ్వినట్టు సన్నటి చారలు. భయం ఇంత అందంగా ఉంటుందా? దీన్ని చూసి ఎవరూ నవ్వడం లేదే! అద్దాల గదిలో పెట్టి, దీపం వేసి, చూడమంటున్నారే!

కూతురు వేసిన నాలుగో పొలుసు అంచు కలవలేదు. అదొక్కటే కలుపుదామని పెన్ను ఆనించింది. ఆ గీత పక్క పొలుసును అడిగింది, అది దాని పక్కదాన్ని. చెయ్యి ఒకచోట వణికి గీత పక్కకు పోతే, ఆ వణుకునే ఇంకో చార చేసి ముందుకు పోయింది. సంచిలో ఫోను మోగింది, ఆగింది, మళ్లీ మోగింది. వీపంతా నిండింది.

తలెత్తేసరికి కిటికీ ఎండ ఇవతలి గోడ మీదికి వచ్చేసింది. పిల్ల! ఇంతసేపూ ఒక్కసారైనా పిల్ల గుర్తుకు రాలేదు. చటుక్కున లేవబోయింది.

"మా అమ్మే వేసింది టీచర్," అంది వెనక నుంచి కూతురు.

టీచరమ్మ వంగి చాలాసేపు చూసింది. "ఎక్కడ నేర్చుకున్నారండీ?"

"ఎక్కడా లేదండీ... పిల్ల కాగితం పాడుచేశానేమో, క్షమించండి."

ఫోను మళ్లీ మోగింది. భర్త. "ఎన్నిసార్లు చేయాలి? నా నీలం చొక్కా ఎక్కడ పెట్టావ్?"

"వెతుక్కోండి," అంది, మెల్లగానే.

"అమ్మా, పైన తిమింగలం ఎముకలున్నాయట, రా!"

పైన. మెట్లు. జనం. అన్నీ ఒక్కసారిగా కళ్ల ముందు తిరిగాయి. అయినా పెన్నుకు మూత పెట్టలేదు.

"టీచరమ్మతో వెళ్లు తల్లీ. నాకింకా తోక మిగిలింది."