పంతొమ్మిదో చోటు

విశాఖ పాత ఊరిలో కాపురం ఉన్నవాళ్ళకి పొద్దున్న లేవగానే మొదటి పని చీపురు పట్టడం. పళ్ళు తోముకోవడం కూడా ఆ తరవాతే. రాత్రంతా రేవు వైపు నుంచి గాలి తోలి, బొగ్గు గుట్టల మీది నలుపు మోసుకొచ్చి ఇంటింటికీ పంచిపెట్టి పోతుంది. గడప మీదా, తులసికోట మీదా, ఆరేసిన బట్టల మీదా, ఆఖరికి దేవుడి పటం అద్దం మీదా అదే. కొండ మీద మన అప్పన్నస్వామి ఏడాది పొడుగునా చందనం కప్పుకుని కూర్చుంటాడు. కింద పాత ఊరు ఏడాది పొడుగునా బొగ్గు కప్పుకుని కూర్చుంటుంది. ఎవరి పూత వాళ్ళది, ఏం చేస్తాం!

ఆ ఊళ్ళో ఒక సందులో గౌరీశ్వరిగారి మేడ ఉంది. కింద ఆవిడ ఉంటుంది. పై వాటాలో కాంతంగారు, ఆవిడ కొడుకు వీర్రాజు, కోడలు చంద్రిక అద్దెకుంటారు. వీళ్ళది గోదావరి పక్క. వీర్రాజు తండ్రి రేవులో పనికొచ్చి ఇక్కడే స్థిరపడ్డాడు, కాలం చేశాడు. వీర్రాజు ఇప్పుడు అదే రేవులో క్రేన్ నడుపుతాడు. చంద్రిక యూనివర్సిటీ జట్టుకి బాస్కెట్‌బాల్ ఆడిన పిల్ల. మోకాలు దెబ్బ తిన్నాక ఆడడం మానేసింది గానీ చూడడం మానలేదు. ఇంట్లోనే కూర్చుని ఒక విదేశీ వెబ్‌సైట్‌కి రాస్తూ ఉంటుంది.

ఏం రాస్తుందంటారా? చెప్తాను, వినండి. అమెరికాలో ఏటా జూన్ నెలలో, కాలేజీల్లో ఆడే కుర్రాళ్ళనీ, ఇతర దేశాల క్లబ్బుల్లో ఆడే కుర్రాళ్ళనీ పెద్ద లీగు జట్లు ఒకరి తరవాత ఒకరు పేరు పెట్టి పిలిచి తీసుకుంటాయి. రెండు విడతలు కలిపి అరవై పేర్లు. దాన్నే డ్రాఫ్ట్ అంటారు. ఎవర్ని ఎన్నో పేరుగా పిలుస్తారో ముందే ఊహించి జాబితా కట్టడం చంద్రిక పని. ప్రపంచంలో ఈ పని చేసేవాళ్ళు వందలమంది ఉన్నారు. వాళ్ళ జాబితాలు సగం తప్పుతాయి. చంద్రికది తప్పదు. ఎందుకంటే ఆ అరవై మందీ డ్రాఫ్ట్‌కి వారం ముందు నుంచీ రోజూ గౌరీశ్వరిగారి డాబా మీదకొచ్చి వరసలో నిలబడతారు.

మనుషులు కనపడరు, పాదాలే. తెల్లారేసరికి ఆ నల్లటి దుమ్ములో, నీళ్ళ ట్యాంకు దగ్గర మొదలై మెట్ల దాకా మెలికలు తిరుగుతూ, అరవై జతల పాదాలు. ఒక్కొక్కటీ మూరెడు. వేళ్ళన్నీ ట్యాంకు వైపే. వచ్చిన అడుగులు ఉండవు, వెళ్ళిన అడుగులు ఉండవు. ట్యాంకు పక్కనున్నవాడు మొదటివాడు, మెట్ల దగ్గరున్నవాడు అరవయ్యోవాడు.

"ఏటే సెంద్రికా, ఈ యేడు కాల్లు ఇంకా పెద్దవైపోనాయి," అంటుంది గౌరీశ్వరిగారు, మెట్ల మీంచి తొంగి చూస్తూ. "నిల్సోడానికి ఈల్లకి మా మేడే దొరికిందేటి? నా ఒడియాలు తొక్కితే మాత్రం నాను ఊరుకోను. సెప్పీ ఆల్లకి."

"వాళ్ళు ఆ పక్కకి రారు పిన్నీ."

"రారులే. మర్యాదస్తులే. ఎవుల పిల్లలో పాపం."

ఆ వారం డాబా ఊడవరు. ఎక్కాలంటే చెప్పులేసుకుని గోడ పక్కనుంచే నడుస్తారు. ఉత్త కాళ్ళతో ఎవరూ ఎక్కరు. చంద్రిక మాత్రం టీ గ్లాసు పట్టుకుని గొంతుక్కూర్చుని ఒక్కొక్క జతా చదువుతుంది. ఏడాదంతా ఆమె ఆటలు చూసేది బంతి కోసం కాదు, కాళ్ళ కోసమే. ఎవడు మడమ ఎత్తి నిలబడతాడో, ఎవడి ఎడమ బొటనవేలు లోపలికి తిరిగి ఉంటుందో, చీలమండ బెణికాక ఎవడు బరువు పక్కకి వేస్తాడో ఆమెకి కంఠతా వచ్చు. ఫలానా కాలు ఫలానావాడిదని పోల్చుకోవడమే విద్య. మిగతాదంతా దేవుడి దయ.

ఆ ఏడు ఆమె అన్నిటికన్నా ముందు వెతికింది ఇద్రిస్సా పాదాల కోసం.

ఇద్రిస్సాది ఆఫ్రికాలో సముద్రం పక్క ఊరు. పంతొమ్మిదేళ్ళు, ఏడడుగుల మీద రెండంగుళాలు. మూడేళ్ళ కిందట, ఎవరో ఫోన్లో తీసిన మసక వీడియోలో చంద్రిక వాణ్ణి చూసి మొట్టమొదట వాడి గురించి రాసింది. అది చదివి స్పెయిన్ క్లబ్బొకటి వాణ్ణి తీసుకుంది. అప్పట్నుంచీ వాడు ఆమెని అక్కా అనే పిలుస్తాడు. ఒకసారి వీడియో కాల్లో వాళ్ళమ్మని చూపించాడు. ఆవిడ మేడ మీద చేపలు ఎండబెడుతోంది. కాంతంగారు కళ్ళజోడు సర్దుకుని చూసి, "వాళ్ళ డాబా కూడా నల్లగానే ఉందే," అన్నారు. ఆ క్షణం నుంచి వాడు ఆవిడకి సొంతవాడైపోయాడు. శనివారం గుళ్ళో గోత్రనామాలు చెప్పేటప్పుడు వాడి పేరూ చెప్పించేవారు. పంతులుగారు పలకలేక ఇంద్రసేనా అని కానిచ్చేసేవారు.

డ్రాఫ్ట్ ఇక మూడు రోజులుందనగా, చంద్రిక పద్దెనిమిదో జత చదివి పక్కకి జరిగి ఆగిపోయింది.

నిన్నటిదాకా ఇద్రిస్సా నిలబడ్డ పంతొమ్మిదో చోట పాదాల్లేవు. అక్కడ దుమ్మే లేదు. చాపంత మేర గచ్చు తేలి, కడిగినట్టుంది. వేలితో ముట్టుకుంటే తడి. వాన లేదు, ట్యాంకు కారడం లేదు. ముక్కు దగ్గర పెట్టుకుంటే సముద్రం వాసన కాదు, ఏదో ఏటి బురద వాసన.

మెట్ల దాకా మిగిలినవన్నీ చదివింది. అందరూ ఉన్నారు. ఇద్రిస్సా లేడు.

ఇలాంటి ఖాళీ ఆమె ఇదివరకు ఒక్కసారే చూసింది. నాలుగేళ్ళ కిందట నలభై ఒకటో చోట. అప్పుడు దాని అర్థం తెలియలేదు. మర్నాడు ప్రాక్టీస్ చేస్తూ చేస్తూ ఒక కాలేజీ కుర్రాడు కోర్టు మధ్యలో కూలిపోయాడు, మళ్ళీ లేవలేదు. ఆ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు.

ఈసారి ఇద్రిస్సాకి మెసేజ్ పెట్టింది. జాగ్రత్త, ఒంటరిగా ఎక్కడికీ వెళ్ళకు, నీళ్ళ దగ్గరికి పోకు అని. వాడు నవ్వుతున్న బొమ్మ పెట్టి అడిగాడు: "అక్కా, నన్ను ఎన్నో నంబర్లో వేశావు?"

చంద్రిక "పంతొమ్మిది" అని కొట్టింది.

మర్నాడూ ఆ చోటు ఖాళీయే. ఆ మర్నాడూ ఖాళీయే. తడి మాత్రం ఇంకాస్త పాకింది. సాయంత్రం పూజ గది దగ్గర వత్తులు చేసుకుంటున్న కాంతంగారి పక్కన కూర్చుని చంద్రిక మొత్తం చెప్పేసింది. నలభై ఒకటో వాడి సంగతి కూడా.

కాంతంగారు వత్తి నలపడం ఆపలేదు. "వరసలో చోటు ఖాళీగా ఉందన్నమాట," అన్నారు.

"అవునత్తయ్యా."

"మరి చోటు పట్టేవాళ్ళు లేరా?"

ఇది మీకు చెప్పాలి. వరసలో చోటు పట్టడంలో కాంతంగార్ని మించినవాళ్ళు ఆ వీధిలో లేరు. చందనోత్సవం నాడు అప్పన్న నిజరూప దర్శనానికి కొండ కింద నుంచి జనం బారులు తీరితే, పసిపిల్లల తల్లులకీ కాళ్ళు రాని ముసలివాళ్ళకీ ఆవిడే చోటు పట్టేది. మనిషి వచ్చాక ఆ చోటు ఇచ్చేసి, తను వెళ్ళి వరస చివర నిలబడేది. చోటు పట్టడమంటే మాట ఇవ్వడమేనని ఆవిడ నమ్మకం.

"ఒకవేళ మనిషి రాకపోతే?" అంది చంద్రిక, గొంతు తగ్గించి.

"రాకపోతే మనమే ముందుకెళ్ళాలమ్మా. పట్టిన చోటు వదిలి పారిపోకూడదు."

ట్యాంకు దగ్గరికి చేరినవాళ్ళు ఆ తరవాత ఎక్కడికి వెళ్తారో ఆ ఇంట్లో ఎవరికీ తెలీదు. చంద్రిక అది అడగబోయింది. కాంతంగారు అప్పటికే దీపం వెలిగించి కళ్ళు మూసుకున్నారు.

డ్రాఫ్ట్ అక్కడ రాత్రి, మనకి తెల్లారి. ఇంకా పాలు రాకముందే కాంతంగారు తలస్నానం చేసి, ఉతికిన చీర కట్టుకుని, నలుపు పట్టిన రెయిలింగ్ పట్టుకుని డాబా ఎక్కారు. చెప్పులు మెట్ల మీదే విడిచారు. పంతొమ్మిదో చోట ఉత్త కాళ్ళతో నిలబడి, కొండ వైపు తిరిగి దణ్ణం పెట్టుకుని, మళ్ళీ ట్యాంకు వైపు తిరిగారు.

డ్యూటీ దిగొచ్చిన వీర్రాజు తల్లిని చూసి హడలిపోయాడు. "అమ్మా! ఏంటమ్మా ఇది? కిందకి రా ముందు."

"నువ్వెళ్ళి కాఫీ తాగరా. వరసలో ఉన్నప్పుడు పలకరించకు."

చంద్రిక లాప్‌టాప్ పట్టుకొచ్చి పిట్టగోడ మీద పెట్టింది. ఐదున్నర దాటింది. తెర మీద పెద్ద హాలు, దీపాలు, సూట్లేసుకున్న కుర్రాళ్ళు, పక్కన తల్లులు. మొదటి పేరు పిలిచారు.

ట్యాంకు పక్కనున్న జత మాయమైంది. ఆ వెంటనే, చిన్న చప్పుడైనా లేకుండా, వెనకున్న పాదాలన్నీ ఒక్క అడుగు ముందుకి పడ్డాయి. కాంతంగారూ ఒక అడుగు వేశారు. ఆవిడ కాళ్ళ కింద తడి కూడా ఆవిడతో పాటే జరిగింది.

రెండు, మూడు, నాలుగు. ఎండ లేచింది. గౌరీశ్వరిగారు గ్లాసుతో కాఫీ తెచ్చి గోడ పక్కనుంచే చెయ్యి చాపింది. "తాగీ వొదినా. బేగి తాగీ, సల్లారిపోద్ది. ఎనకాల ఆల్లేటి, నిన్ను తోస్తన్నారేటి?"

"తొయ్యడం లేదు గౌరీ. ఊపిరే, మెడ మీద పడుతోంది. నలభై మంది ఊపిరి."

తొమ్మిదో పేరు దగ్గర తెర మీద ఇద్రిస్సా కుర్చీ చూపించారు. ఖాళీ. పక్క కుర్చీలో పసుపు రంగు తలగుడ్డ కట్టుకుని వాళ్ళమ్మ ఒక్కతే కూర్చుని తలుపు వైపు చూస్తోంది. హోటల్ నుంచి వాడు వెనకాల వేరే కార్లో బయల్దేరాడట. బయట కుంభవృష్టి. ఫోను పలకడం లేదు.

పన్నెండో పేరు పిలిచాక కాంతంగారి చీర కుచ్చిళ్ళు తడవడం మొదలైంది. తడి మోకాళ్ళ దాకా పాకింది. ఎండలో నిలబడ్డా ఆవిడ పెదాలు నీలంగా తిరిగాయి. కుడిచెయ్యి కిందకి చాపి దేన్నో గట్టిగా పట్టుకున్నట్టు పిడికిలి బిగించారు. భుజం ఒక పక్కకి వాలిపోయింది.

"అమ్మా, ఆ చెయ్యేంటి?" అన్నాడు వీర్రాజు ఏడుపు గొంతుతో.

"మాట్లాడించకురా. బరువుగా ఉన్నాడు."

పదిహేను. పదహారు. గౌరీశ్వరిగారు కనకమాలక్ష్మమ్మ తల్లికి మొక్కుకుంటూ మెట్ల మీద కూలబడింది. పదిహేడు. పద్దెనిమిదో జత చెరిగిపోయింది. ట్యాంకు ముందు ఇక కాంతంగారు ఒక్కరే.

వీర్రాజు ఆగలేకపోయాడు. దుమ్ము తొక్కుతూ వెళ్ళి తల్లి నడుం చుట్టూ చేతులు వేసి వెనక్కి లాగాడు. ఇరవై టన్నుల పెట్టెల్ని క్రేన్‌తో ఎత్తి దించే మనిషి, ఆ బక్క ప్రాణాన్ని అంగుళం కదపలేకపోయాడు.

తెర మీద పంతొమ్మిదో పేరు చదివారు. ఇద్రిస్సా పేరే. చప్పట్లు మొదలై, ఖాళీ కుర్చీ చూసి ఆగిపోయాయి. వాళ్ళమ్మ లేచి నిలబడింది.

డాబా మీద కాంతంగారి కుడిపాదం నేల విడిచింది. అడుగు ముందు ట్యాంకు గోడ. ఆ గోడ అక్కడ లేనట్టే ఆవిడ చూస్తున్నారు.

"అత్తయ్యా!" అని అరిచింది చంద్రిక.

ఎత్తిన పాదం అలాగే ఆగింది. కాంతంగారి పిడికిలి విప్పుకుంది. ఎవరో ఆలస్యంగా వచ్చి రొప్పుతూ పక్కన నిలబడితే చూసినట్టు తల బాగా పైకెత్తి చూశారు, ఏడడుగుల ఎత్తుకి. "వచ్చావా నాయనా," అంటూ ఎడమ పక్కకి జరిగి చోటు ఇచ్చారు.

ఆవిడ నిలబడ్డ చోట మూరెడేసి పాదాలు రెండు తడిగా తేలాయి. మరుక్షణం ట్యాంకు వైపు ఒక్క అడుగు వేసి మాయమయ్యాయి.

తెర మీద హాలు పక్క తలుపు తెరుచుకుంది. ఇద్రిస్సా వచ్చాడు. సూటు ఒంటికి అతుక్కుపోయింది, కాళ్ళకి బూట్లు లేవు, జుట్టులోంచి నీళ్ళు కారుతున్నాయి. ఇద్దరు పోలీసులు చెరో పక్కన ఉన్నారు. వాడు వాళ్ళమ్మని కావలించుకుని, తడి అడుగులు వేస్తూ వేదిక ఎక్కి, తనని తీసుకున్న జట్టు టోపీ పెట్టుకున్నాడు. వెనక వరస మళ్ళీ కదిలింది. ఇరవై.

కాంతంగార్ని వీర్రాజు ఎత్తుకుని కిందకి దించాడు. ఆవిడ అరికాళ్ళు రోజంతా నీళ్ళలో నానినట్టు తెల్లగా ముడతలు పడి ఉన్నాయి. గౌరీశ్వరిగారు వేడి ఇసుక మూటతో కాపడం పెడుతూ, "నీకు బుద్ధి నేదొదినా, నిజం సెప్తన్నాను, నీకు బుద్ధి నేదు," అని తిడుతూనే ఉంది, ఏడుస్తూనే ఉంది.

సాయంత్రానికి ఇద్రిస్సా ఫోన్ చేశాడు. వాడి ఇంగ్లీషు తడబడుతోంది. కారు వంతెన మీంచి ఏట్లో పడిందనీ, డ్రైవర్ తలుపు తోసుకుని ఈదుకుపోయాడనీ, తను మాత్రం వెనక సీట్లో ఇరుక్కున్నాననీ చెప్పాడు. ఆ చీకట్లో ఎవరో చిన్న చెయ్యి, గాజుల చెయ్యి, వాడి మణికట్టు పట్టుకుందట. పైకి లాగలేదట. పట్టుకుని ఉందట అంతే, వాడు తనంతట తను బయటపడి, పోలీసు కారెక్కి హాలు గుమ్మం చేరేదాకా.

"అక్కా, నాలుగు వేళ్ళ గుర్తులు మిగిలాయి. నల్లగా, బొగ్గులాగా. సబ్బు పెట్టి రుద్దాను, పోలేదు. డాక్టర్ ఏదో మందు రాసి తీసేస్తానంటున్నాడు. తీయించెయ్యనా?"

చంద్రిక ఫోన్ చేత్తో మూసి, మంచం మీదున్న కాంతంగారికి ఆ మాట చెప్పింది. ఆవిడ కళ్ళు తెరవకుండానే చెయ్యి అడ్డంగా ఊపారు.

"వద్దని చెప్పవే. అంత ఎత్తు కుర్రాడు, అంతమంది కళ్ళముందు ఆడాలి. దిష్టి చుక్క ఉండనియ్యి."