నారాయణస్వామి తలకాయ ఫోటో

చీరకు కొంగు ఒక్కటే ఉంటుంది. ధర్మవరంలో ఆ సంగతి పసిపిల్లలకు కూడా తెలుసు. అలాంటిది, నలభై ఏళ్లుగా మగ్గం నేస్తున్న నారాయణస్వామి 1986లో ఒక పట్టుచీరకు మొదట ఒక కొంగు, చివర ఇంకో కొంగు నేసిపెట్టాడు.

వీధంతా నవ్వింది. పక్కింటి టైలరు హుస్సేన్ అయితే, "ఏమబ్బా, ఇద్దరు ఆడోళ్లు ఒకే చీర కట్టుకునేదానికా?" అన్నాడు. నారాయణస్వామి కూడా నవ్వాడు. అతని భార్య కమలాక్షికి మాత్రం నవ్వు రాలేదు. సొంత చెల్లెలి పేరు కోసం అతను తడుముకోవడం, అన్నం తిని చెయ్యి కడుక్కుని మళ్లీ కంచం ముందు కూర్చోవడం పది రోజులుగా ఆమె చూస్తూనే ఉంది.

అతన్ని హిందూపురంలో డాక్టరు గంగాధర్ దగ్గరికి తీసుకుపోయింది. ఆయన ఏవేవో ప్రశ్నలు అడిగి, కమలాక్షిని పక్కకు పిలిచాడు.

"అల్జైమర్స్ అని, మెదడు కొద్దికొద్దిగా కుంచించుకుపోయే జబ్బు ఒకటుందమ్మా. అదేనని చెప్పలేను. వేరే కారణమూ ఉండొచ్చు. తల లోపల ఫోటో తీసే స్కాన్ మిషన్ బెంగుళూరులో ఉంది. మొదట్లోనే చూసుకోవడం మంచిది."

"ఆ జబ్బే అయితే సార్?"

"దానికి మందు లేదమ్మా."

"అంటే కొన్నాళ్లకు నేనెవురో గూడా తెలీదా?"

డాక్టరు బెంగుళూరు ఆసుపత్రికి చీటీ రాసిచ్చాడు.

రెండు రోజులకు ధర్మవరంలో బెంగుళూరు రైలెక్కారు. పెనుకొండ స్టేషన్లో బండి ఆగగానే నారాయణస్వామి సంచి తీసుకుని లేచాడు.

"యాడికయ్యా?"

"ధర్మవరం వచ్చె కదా. దిగు."

"ఇది పెనుకొండ. కూచో," అని చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. ఆ పట్టిన చెయ్యి బెంగుళూరు దాకా వదల్లేదు.

మర్నాడు పొద్దున స్కాన్ తీసి, పెద్ద కవరు చేతికిచ్చి, "ఈ రోజే మీ డాక్టరుకు చూపించండి" అన్నారు. సాయంత్రానికి హిందూపురం వచ్చేశారు. గంగాధర్ ఆ నల్లటి ఫిల్మును లైటు ముందు పెట్టాడు. దానిమీద వరసగా పన్నెండు గుండ్రటి బొమ్మలున్నాయి. నారాయణస్వామి కుర్చీలోంచి లేచి, ముక్కు ఆనేంత దగ్గరగా వంగి చూశాడు.

"ఇది ఎవురు నేసింది సార్?"

"నీ తలకాయేనయ్యా అది!"

"నాదా? అట్లయితే బాగలేదు. రెండు పక్కలా బార్డరు సమంగా లేదు. ఈ పక్క లావుగా ఉండాది. నడుమ గీత చూడండి, వంకర పోయింది. ఇట్ల నేసుకోనిపోతే షావుకారు ముఖాన కొడతాడు."

డాక్టరు అతని వంక చూసి, కవరులోని కాగితం చదివి, గట్టిగా నవ్వేశాడు. "ఇందులో రాసింది నువ్వే చెప్పేస్తివి కదయ్యా! అమ్మా, ఈయన తలకు ఎప్పుడైనా దెబ్బ తగిలిందా?"

కమలాక్షి ఆలోచించింది. "రెండు నెలల కింద మగ్గం గుంతలోంచి లేస్తా దూలానికి కొట్టుకున్న్యాడు సార్. బొప్పి గూడా కట్టలేదు. రోంత పసుపు పెడ్తిని, అంతే."

"అదే! లోపల రక్తం చేరి మెదడును పక్కకు నెట్టేసింది. చిన్న రంధ్రం పెట్టి తీసేస్తారు. మెదడు కుంచించుకుపోలేదు, ఏమీ లేదు. మళ్లీ మామూలు మనిషవుతాడు."

కమలాక్షి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతూనే ఏడ్చింది. నారాయణస్వామి ఆమె భుజం తట్టాడు. "ఎందుకే ఏడుస్తాండావు? బార్డరు తేడానే కదా. విప్పి సరిచేస్తారులే."

బెంగుళూరులో ఆపరేషన్ అయి, ఇరవై రోజులకు గుండు మీద తువ్వాలు చుట్టుకుని అతను ఇంటికొచ్చాడు. చూడడానికి వచ్చినవాళ్లతో అరుగు నిండిపోయింది. అందరికీ అతన్ని పరీక్షించాలనే సరదా.

"ఏమబ్బా, నేనెవురో చెప్పు చూద్దాం," అన్నాడు హుస్సేన్.

"నువ్వా? సున్నం కొట్టాలని మా నిచ్చెన తీసకపోయి ఏడాదైనా తెచ్చియ్యనోడివి."

అరుగు మీద నవ్వులు ఇంకా ఆగలేదు. అతను ఎదురింటి నల్లప్ప వైపు తిరిగి, "మా గొడుగు బాగుండాదా?" అని అడిగాడు. అంతే, వెనక కూర్చున్న ఇద్దరు మెల్లగా లేచారు.

"కాపీ తాగి పోండప్పా," అంది కమలాక్షి.

"మళ్లొస్తాంలే అక్కా."

చీకటి పడేలోగా నిచ్చెన వచ్చింది, గొడుగు వచ్చింది, ఎవరో ఒక ఇత్తడి బిందె కూడా తెచ్చి గడపలో పెట్టిపోయారు. కమలాక్షి దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఇది మనదేనా?"

"మీ నాయన పెట్టిందే! మర్చిపోతివా?" అన్నాడు నారాయణస్వామి. "పద, నీకు గూడా ఒక ఫోటో తీపిచ్చుకోనొస్తాం."