కుడిచేతి మాట

గూడ్సుబండి హారన్ కొడితే బిలాస్‌పూర్ పక్కన లాల్‌ఖదాన్‌లో అందరూ మాట ఆపుతారు. గిరిబాబు మాట్లాడితే గూడ్సుబండే హారన్ ఆపుతుందని అక్కడి తెలుగువాళ్లు చెప్పుకునేవారు. డీజిల్ షెడ్డులో, ఇంజన్ల రొద మధ్య, అరిచి అరిచి పెంచుకున్న గొంతు అది. షెడ్డులో చేరి చెడ్డవాడు లేడనేవాడు. టైర్లు అరిగాయి కనకనే రిటైరయ్యాననేవాడు. నవ్వేవాళ్లు నవ్వేవారు. నవ్వనివాళ్లకి అదే మాట ఇంకాస్త గట్టిగా చెప్పేవాడు.

అలాంటి మనిషి చలికాలంలో ఒక పొద్దున్న పళ్లు తోముకుంటూ ఉండగా బ్రష్షు జారి కింద పడింది. తీసుకుందామని వంగాడు. తను వంగాడు గానీ కుడిచెయ్యి రాలేదు.

ఆసుపత్రిలో డాక్టరు, కూతురు తేజస్విని పక్కకి పిలిచి, "అదృష్టవంతులమ్మా, జబాన్ బచ్ గయీ" అన్నాడు. కుడికాలు కొంచెం ఈడుస్తాడు, కుడిచెయ్యి మాత్రం ఇక లేనట్టే, కానీ మాట నిలిచిందని దాని సారాంశం. చూడ్డానికి వచ్చినవాళ్లందరూ ఆ మాటే పట్టుకున్నారు.

"పోన్లేరా," అన్నాడు షెడ్డులో జోడీగా పనిచేసిన రాంప్రసాద్, మంచం పక్కన స్టూలు లాక్కుని. "చెయ్యి పోతే పోనాది. మాట పోతే నువ్వు బతికీవోడివా ఏటి?"

"పక్షవాతానిక్కూడా పక్షపాతం ఉందిరా," అన్నాడు గిరిబాబు. "చూడు, కుడిపక్షంలో చేరిపోనాది."

తెలుగు తెలిసినవాళ్లు నవ్వారు. తెలియనివాళ్లు వాళ్లని చూసి నవ్వారు. వార్డంతా నవ్వుతూండగా గిరిబాబు గోడవైపు తిరిగి పడుకున్నాడు. అతని మాట పోయింది. ఆ సంగతి అక్కడ అతనొక్కడికే తెలుసు.

చెల్లెలు నీలవేణి దగ్గర పోయింది.

నీలవేణికి ఊహ తెలియకముందే జ్వరం వచ్చి చెవులు పోయాయి. చెవుల వెనకే మాటా పోయింది. తండ్రి ఎర్రయ్య బిలాస్‌పూర్ యార్డులో షంటింగ్ పనివాడు. పెట్టెల్ని ఇంజనుకి తగిలించడం, విడదీయడం. ఆ రొదలో డ్రైవరుకి బ్రహ్మదేవుడు పిలిచినా వినపడదు. అందుకని యార్డులో మాటలన్నీ చేతులతోనే. ఒక చెయ్యి చాపి కదలకుండా పట్టుకుంటే, పద. అదే చెయ్యి పైకీ కిందకీ ఆడిస్తే, నెమ్మది. రెండు చేతులూ నెత్తిమీదికెత్తితే, ఆగు.

"వినపడని డ్రైవరుకి చెప్తన్నాను, వినపడని కూతురికి చెప్పలేనేటి?" అని ఎర్రయ్య యార్డు మాటల్ని క్వార్టర్‌లోకి పట్టుకొచ్చాడు. ఇంట్లో ఆ పిల్ల మొదట నేర్చుకున్న మూడు మాటలూ పద, నెమ్మది, ఆగు.

మూడు మాటలతో రైలు నడుస్తుంది గానీ ఇల్లు నడవదు. మిగిలిన భాషంతా అన్నాచెల్లెళ్లు కట్టుకున్నారు. మీసం మెలేస్తే నాన్న. ముక్కుపుడక పట్టుకుంటే అమ్మ. బుగ్గలు పూరిస్తే టెక్కలి అత్త. అంతటితో ఆగితే గిరిబాబు ఎందుకవుతాడు? నోటితో శ్లేష కొట్టాలంటే ఒకే మాటకి రెండర్థాలు వెతుక్కోవాలి. చేతులకి ఆ వెతుకులాట లేదు. ఒక చెయ్యి ఒకటంటూ ఉంటే రెండో చెయ్యి అదే క్షణంలో ఇంకోటంటుంది. ఎడమచెయ్యి టెక్కలి అత్తకి భక్తిగా దణ్ణం పెడుతుంటే, కుడిచెయ్యి ఆవిడ ముందునుంచి లడ్డూ లాగేస్తూ ఉంటుంది. నీలవేణి పొట్ట పట్టుకుని నవ్వేది. శబ్దం రాని నవ్వు, కళ్లమ్మట నీళ్లు మాత్రం వచ్చేవి. నోటితో గిరిబాబు వేసిన జోకులకి ఊళ్లో సగంమందే నవ్వేవారు. చేత్తో వేసినవాటికి చెల్లెలు పూర్తిగా నవ్వేది. తన అసలు హాస్యం చేతుల్లోనే ఉందని, నోటిది ఓవర్‌టైమని అతని నమ్మకం.

ఆ పిల్లని పలాసలో బంగార్రాజుకిచ్చారు. జీడిపప్పు బట్టీలో పని, మంచివాడు, కొంత భాష నేర్చుకుని కన్నుమూశాడు. కొడుకు దిలీప్‌కి తిండి, నీళ్లు, దుకాణం, జ్వరం, ఇలాంటి అవసరం మాటలు వచ్చు. ఎర్రయ్యా, ఆయన భార్యా పోయాక ఆ భాష పూర్తిగా తెలిసినవాళ్లు భూమ్మీద ఇద్దరే మిగిలారు. జనాభా లెక్కలవాళ్లు రాసుకోలేదు గానీ, అదీ ఒక దేశమే.

మోకాళ్లు బాగున్నన్నాళ్లూ గిరిబాబు పాసు మీద పలాస వెళ్లొచ్చేవాడు. తర్వాత ఫోనులో వీడియో కాల్ ప్రయత్నించారు. ఫోను పట్టుకోడానికి ఒక చెయ్యి పోతే, సగం నోరు నొక్కుకుని మాట్లాడినట్టుంది. గోడకి ఆనిస్తే బొమ్మలో చేతులు చీమల్లా ఉన్నాయి. అప్పుడు సర్కండా పేటలో బ్యాంకు ఉద్యోగం చేసే తేజస్వి, దయాల్‌బంద్ బజారులో ఒక పాత ల్యాప్‌టాప్ కొనుక్కొచ్చి బల్లమీద పెట్టింది. తనంతట తను నిలబడుతుంది. పెద్ద తెర. నుదుటిమీద కన్ను.

"శివుడే!" అన్నాడు గిరిబాబు ఇల్లదిరేలా. "మూడోకన్ను తెరిస్తే కాల్చేస్తాడంటారు గానీ, ఈ శివుడు కలిపేస్తన్నాడే! దీనికి కెమెరా పెట్టినోడి కడుపు సల్లగుండ."

ప్రతి ఆదివారం పొద్దున్న, పలాసలో దిలీప్ దుకాణం ల్యాప్‌టాప్ ముందు నీలవేణి, లాల్‌ఖదాన్‌లో ఈయన. ఇద్దరూ నాలుగు చేతులతో దెబ్బలాడుకునేవారు. పిల్లలకి ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు.

ఆసుపత్రినుంచి ఇంటికొచ్చాక మొదటి ఆదివారం, తేజస్వి ల్యాప్‌టాప్ తెరిచి పెట్టింది. గిరిబాబు మందుల సంచీలోంచి ప్లాస్టర్ చుట్ట తీయించి, పంటితో ముక్క చింపి, ఎడమచేత్తో ఆ మూడోకంటిమీద అంటించాడు.

"యే క్యా, నాన్నా?"

"కెమెరా పాడైపోనాదని చెప్పు దిలీప్‌కి."

"అత్తకి ఎలా కనిపిస్తావు మరి?"

"అందుకే అంటించినాను."

"అరే, చెప్పేస్తే అయిపోతుంది కదా! మత్లబ్, ఎన్నాళ్లని..."

"చెప్పొద్దన్నానా!" అని అరిచాడు. గొంతు చెక్కు చెదరలేదు. అదే బాధ.

సాయంత్రం రాంప్రసాద్ వస్తే అతని ముందు సిద్ధాంతం లేవదీశాడు. "అసలు ల్యాప్‌టాప్‌కి కెమెరా ఎందుకుండాలి? కిటికీ పెట్టినోడు రెక్క కూడా పెడతాడు. దీనికి రెక్కేది? అద్దం నన్ను నాకు సూపిస్తాది. ఇది నన్ను ఊరికి సూపిస్తాది. పేరేమో క్యామ్, కామ్‌గా మాత్రం ఉండదు! కావలసినోడు విడిగా కొనుక్కుని తగిలించుకోవాల గానీ, నుదుట్లో దిగ్గొట్టి అమ్మడమేటి?"

"నిజమేరా," అన్నాడు రాంప్రసాద్. "మా అల్లుడు కూడా స్టిక్కర్ అంటించీసినాడు. ఎవుడో దొంగతనంగా చూస్తాడంట. నీకేటి భయం, నిన్నెవుడు చూస్తాడు?"

రాంప్రసాద్ టీ చల్లారేదాకా ఎదురుచూశాడు. జవాబు బాకీపడటం గిరిబాబు చరిత్రలో లేదు.

ప్లాస్టర్ అతని కెమెరాకే గానీ ఆవిడదానికి లేదు. కనక ఆదివారాలు అతనికి ఆవిడ కనిపించేది. ఆవిడకి ఒక నల్లపలక. నీలవేణి వచ్చి కూర్చునేది, జుట్టు సవరించుకునేది, ఆ నల్లపలకకి కబుర్లు చెప్పేది. ఎదురింటి కోడలి నడక, దిలీప్ లెక్కల తప్పులు. మధ్యలో ఆగి, అన్న చెయ్యి ఎదురు తగిలే చోట కాస్త ఖాళీ వదిలేది. ఆ ఖాళీలో ఏం అనాలో గిరిబాబుకి తెలుసు. ఎడమచెయ్యి సగం లేచేది. రెండో సగం ఒళ్లో పడుండేది. ఒంటిచేత్తో ఇప్పుడతను అనగలిగిన మాటలు పద, నెమ్మది. చెల్లెల్ని ఆగమనడానికి కూడా అతని దగ్గర రెండో చెయ్యి లేదు.

"బాగున్నానని చెప్పరా దిలీపూ," అని కేకేసేవాడు. అవతల దిలీప్ తల్లికేదో సైగ చేసేవాడు. ఆవిడ కొడుకు చేతుల వంక కాక, నల్లపలక వంకే చూసేది.

కొన్ని వారాలకి ఆవిడ కబుర్లు చెప్పడం మానేసింది. ఊరికే వచ్చి కూర్చునేది. శివరాత్రి వెళ్లాక దిలీప్ ఫోను చేశాడు.

"మావయ్యా, అమ్మ అన్నం తినడం నేదు."

"ఒంట్లో బాగోనేదా?"

"ఒళ్లు బాగానే ఉంది. నువ్వు పోయావనుకుంటంది."

గిరిబాబు ఫోనుని చెవికి ఇంకా గట్టిగా నొక్కుకున్నాడు.

"నీ ఫొటో చూపించినాను. ఎప్పటి ఫొటోయో అంటంది. తాత పోయినప్పుడు తను పురిట్లో ఉందని అందరూ కలిసి దాచీసినారంట గదా. మీసం మెలేసి చూపిస్తంది, తర్వాత నిన్ను చూపిస్తంది. అప్పుడూ ఇలాగే చేసినారు, ఇప్పుడూ ఇలాగే చేస్తన్నారని నా చొక్కా పట్టుకుని ఏడుస్తంది. మావయ్యా, ఆ కెమెరా బాగు చేయించు. డబ్బులు నేను పంపుతాను, నీ కాళ్లట్టుకుంటాను."

ఫోను పెట్టేశాక తేజస్వి తండ్రి ఎదురుగా వచ్చి నేలమీద కూర్చుంది.

"నాన్నా, నీకు సిగ్గా?"

"సిగ్గేటే? చెయ్యి పోనాదని సిగ్గుపడతానా? నన్నెవుడైనా చూడనీ. మునిసిపాలిటీ వోళ్లని పిలిచి చూపించు." ఒళ్లో పడున్న కుడిచేతిని ఎడమచేత్తో సర్దుకున్నాడు. "అది నాతో మాట్లాడతాదే. నేను బదులు చెప్పలేను. మొహంలోకి చూస్తూ బదులు చెప్పకుండా కూకోడం... కెమెరా లేకపోతే కెమెరా తప్పు. ఉంటే నా తప్పు."

తేజస్వి ఆ చేతి వంక చూసింది. తర్వాత, "నీకు నోరుంది. నాకు చెయ్యుంది," అంది. "నువ్వు చెప్పు, నేను తిప్పుతాను. బస్. అంతే కదా?"

ఆ ఆదివారం గిరిబాబు గడ్డం గీయించుకున్నాడు. ఇస్త్రీ చొక్కా తొడిగించుకున్నాడు. ప్లాస్టర్ తనే పీకాడు. జిగురు మిగిలితే తేజస్వి చున్నీ కొసతో తుడిచింది.

తెరమీద నీలవేణి సన్నబడి ఉంది. మొదట నమ్మలేదు. మొహం దగ్గరికి తెచ్చింది, ఇంకా దగ్గరికి, తెరంతా ఒక కన్నే అయ్యేంత దగ్గరికి. తర్వాత అరచెయ్యి తెరకి ఆనించింది. కాసేపు లాల్‌ఖదాన్‌లో అరచేతి గీతలే కనిపించాయి. చెయ్యి తీసేసరికి ఆవిడ ఏడుస్తోంది, నవ్వుతోంది, రెండు చేతులతో అన్నమీద తిట్ల వాన కురిపిస్తోంది. ఎక్కడ చచ్చావు, ఎందుకు దాక్కున్నావు, నీ మొహం మండ. గిరిబాబు ఆ తిట్లన్నీ కళ్లారా తిన్నాడు. నెలలుగా అంత మంచి భోజనం దొరకలేదు.

తిట్లయ్యాక ఖాళీ వదిలింది. అన్న వంతు.

అతని ఎడమచెయ్యి లేచింది. నీలవేణి రెండోదానికోసం చూసింది. గడ్డంతో అడిగింది: ఆ చెయ్యేది?

గిరిబాబు ఎడమచేత్తో కుడిచేతిని ఎత్తి చూపించి వదిలేశాడు. అది బల్ల అంచుకి తగిలి ఒళ్లో పడింది. నీలవేణి కొంగు నోట్లో కుక్కుకుంది.

"తేజూ, రా," అన్నాడు గిరిబాబు గబగబా. "దీన్ని ఏడవనివ్వకూడదు. నా కుర్చీ వెనక నిలబడి నీ కుడిచెయ్యి నా చంకకిందనుంచి ముందుకి పెట్టు. ఆఁ. ఇప్పుడు జోకు. ఈ చెయ్యి డ్యూటీ ఎగ్గొట్టి నిద్రపోతంది. ఎడమచెయ్యి దాన్ని లేపుతాది. లేవదు. లాగుతాది. లేవదు. ఆఖర్న ఎడమచెయ్యి విసుగెత్తి పక్కనే పడుకుంటాది. అప్పుడు ఇది లేచి, దానికి దుప్పటి కప్పుతాది. తెల్సిందా?"

"అచ్ఛా. ముందు పడుకోవాలా?"

"పడుకో. అలా కర్రలా కాదు, మెత్తగా. గురక పెట్టు."

"చెయ్యి గురక కైసే పెడుతుంది, నాన్నా?"

"వేళ్లు, వేళ్లు... పైకీ కిందకీ. నేను లేపుతాను, లేవకు. లేవొద్దన్నానా! సరే, మళ్లీ పడుకో. ఇప్పుడు నేను పడుకుంటన్నాను. లే. లే, తేజూ!"

గాజుల చెయ్యి లేచింది, ఒక్క క్షణం ఆలస్యంగా. దుప్పటి కప్పబోయి తండ్రి చొక్కా గుండీ పట్టుకుంది, సారీ అంది, మళ్లీ కప్పింది. చెప్పినవన్నీ అయ్యాయి. ఏదీ మిగల్లేదు. తేజస్వి తండ్రి భుజం మీదుగా తల ముందుకి పెట్టి, ఆశగా తెర వంక చూసింది.

నీలవేణి ఆ రెండు చేతుల్నీ మార్చి మార్చి చూసింది. మేనకోడలి మొహం చూసింది, అన్న మొహం చూసింది. తర్వాత తల కొంచెం పక్కకి వంచి, నెమ్మదిగా ఊపుతూ, నవ్వింది.

ఆ నవ్వు గిరిబాబుకి తెలుసు. చిన్నప్పటినుంచీ పక్కన నిలబడి చూసినదే. పక్క క్వార్టరువాళ్లు పలకరిస్తే, రేషన్ కొట్టువాడేదో అడిగితే, పెళ్లిలో అత్తవారి చుట్టాలు చుట్టూ చేరి పెదవులాడిస్తే, ఏమంటున్నారో తెలియక, తెలియలేదని వాళ్లు నొచ్చుకోకూడదని, నీలవేణి లోకానికంతటికీ ఇచ్చే మర్యాద నవ్వు. ఇంట్లో అన్న ముందు ఆవిడకి ఎప్పుడూ దాని అవసరం రాలేదు.

"నవ్వింది! నాన్నా, అత్త నవ్వింది!" అని తేజస్వి గంతేసింది.

అవతలనుంచి దిలీప్ గొంతు కూడా వచ్చింది. "మావయ్యా, అమ్మ నవ్వీసింది! ఇంక అన్నం తినీస్తాది!"

"అవున్రా," అన్నాడు గిరిబాబు. "నవ్వింది."

అంత మెల్లగా అతను మాట్లాడటం ఆ ఇంట్లో ఎవరూ ఎప్పుడూ వినలేదు. ఆ సంతోషంలో అప్పుడూ వినలేదు.